నొక్కి పట్టుకోండి అత్తయ్యా

తల్లాడ,
జనవరి 17.

అంతోనమ్మా,

కవరు మీద దస్తూరి చూసి ఎవరిదా అనుకుని ఉంటావు. నేనే, నాగలతను. ఖమ్మం ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడులో అంతమంది మగపిల్లల మధ్య మనిద్దరమే ఆడపిల్లలం. మొదటిదానివి నువ్వు, రెండోదాన్ని నేను. క్రిస్మస్ సామాన్లకు భద్రాచలం వచ్చినప్పుడు ఫోన్ చేసి, "మా దవాఖానా కాడ సిగ్నల్ రాదే, గుట్టెక్కాలె. ఏదన్న ఉంటే ఉత్తరం రాయి" అన్నావు. అందుకే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. బెండకాయలు కోస్తుంటే చూపుడు వేలికి దెబ్బ తగిలింది.

సంగతేమిటంటే, మా మామగారి పాత అంబాసిడర్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఆయన పోయి ఆరేళ్ళయింది. మా ఆయన వెంకటకృష్ణకు కొత్త కారుంది కాబట్టి దీన్ని పట్టించుకోడు. కానీ మా అత్తయ్య నిర్మలాదేవిగారికి మోకాళ్ళు సరిగ్గా వంగవు. కొత్త కారులో కూర్చోవడం గోతిలోకి దిగినట్టుంటుందట. అంబాసిడర్ అయితే సీటు ఎత్తు, తలుపు వెడల్పు. చీర సర్దుకుని హాల్లో కుర్చీలో కూర్చున్నంత తేలిగ్గా కూర్చుంటారు. ఆమె చెల్లెలు సీతారావమ్మగారు బూర్గంపాడులో ఉంటారు. అక్కాచెల్లెళ్ళు చూసుకుని మూడేళ్ళయింది. ఏప్రిల్‌లో చెల్లెలికి డెబ్బై నిండుతాయి. ఆ రోజుకు ఈ కారులోనే వెళ్ళాలని అత్తయ్య పట్టు.

చిక్కంతా బ్రేకులతోనే. నాలుగు చక్రాలకూ పాతకాలపు డ్రమ్ము బ్రేకులు. వానలో తడిస్తే పట్టవు, దిగుడులో వేడెక్కితే పట్టవు. "ఆ బండి ఆగదు. పాత బండ్లు కొనే సత్తుపల్లి ఆయన ఉగాది తర్వాత వచ్చి తీసుకెళ్తాడు" అని మా ఆయన తేల్చేశారు. అందుకని, ఆయన మిర్చి పని మీద గుంటూరు వెళ్ళిన నాలుగు రోజుల్లో మా ట్రాక్టర్ డ్రైవర్ రామ్‌చందర్ ఇంటి దగ్గరే ముందు చక్రాల డ్రమ్ములు ఊడదీసి డిస్కు బ్రేకులు బిగించాడు. ఇదే కారులో తర్వాత వచ్చిన మోడల్‌వి, ఖమ్మంలో పాతసామాన్ల కొట్టులో దొరికాయి. చక్కగా కూర్చున్నాయి. కానీ పెడల్ మెత్తగా ఉంది. తొక్కితే దూదిలోకి పోయినట్టు లోపలికి పోతుంది. గబగబా మూడుసార్లు తొక్కితే గట్టిపడుతుంది, కాసేపటికి మళ్ళీ మెత్తబడుతుంది. రామ్‌చందర్‌కు అంతు పట్టడం లేదు.

నువ్వు పద్దెనిమిదేళ్ళుగా ఆ మిషన్ దవాఖానా బండ్లు చూస్తున్నావు. ఏం చేయాలో రాస్తే అతనికి చదివి వినిపిస్తాను.

నీ లత


ఎర్రగుంపు, దుమ్ముగూడెం మండలం,
జనవరి 29.

లతా,

నీ ఉత్తరం పది రోజులకు చేరింది. మా పోస్టుమ్యాన్ వారానికి రెండుసార్లే ఇటు వస్తాడు, అందులో ఒకసారి రాడు.

బెండకాయ కోస్తే వేలి కొన తెగుతుంది. స్పానర్ జారితే వేలి కణుపు మీద తోలు లేస్తుంది. కణుపు మీద తోలు లేచినప్పుడే కలం ఇలా పక్కకు పట్టుకుంటాం. పైగా ఉత్తరం కింది మూల మరక ఉంది. అది ఏ ఆయిలో నాకు తెలియకపోతే ఈ ఉద్యోగం దండగ. రామ్‌చందర్‌కు చదివి వినిపించే శ్రమ పడకు. నువ్వే చదువుకో.

చాలా సంతోషం వేసిందే. పెళ్ళైన తర్వాత నువ్వు మళ్ళీ స్పానర్ పట్టవని అనుకున్నాను. సర్టిఫికెట్ ఏ పట్టుచీరల కింద ఉందో అనుకునేదాన్ని.

సరే, పని. మెత్తటి పెడల్ అంటే పైపుల్లో గాలి చేరిందని. నువ్వు పెడల్ తొక్కితే ఆ తోపు ఆయిల్ గుండా చక్రం దాకా పోవాలి. ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది. నీ బలమంతా గాలిని నలపడానికే సరిపోతోంది. ఆ గాలి తీసేయాలి. అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టు, అంటే వెనక ఎడమది. బ్రేకు వెనక గాలి వదిలే చిన్న మర, ఆ నిప్పిల్‌కు సన్నటి తెల్ల పైపు తగిలించి రెండో కొస ఆయిల్ పోసిన సీసాలో ముంచు. కారులో ఒకరు పెడల్ నొక్కి పట్టుకోవాలి. అప్పుడు నువ్వు నిప్పిల్ కొంచెం వదులు చేయి. బుడగలు వస్తాయి. బిగించు. బిగించిన తర్వాతే వాళ్ళు కాలు తీయాలి. ముందే తీస్తే వెళ్ళిన గాలి మళ్ళీ లోపలికొస్తుంది. పైన డబ్బాలో ఆయిల్ అడుగంటనీయకు. వెనక డ్రమ్ముల్లో ఒరుసుకుని ఆపే షూలు మరీ వదులుగా ఉన్నాయేమో కూడా చూడు. అవి వదులైనా పెడల్ కిందికి పోతుంది.

దీనికి ఇద్దరు మనుషులు కావాలి. నీకు పెడల్ తొక్కేవాళ్ళు ఎవరున్నారు? పెడల్ గట్టిపడేదాకా కారును గేటు దాటనీయకు.

నేను బాగానే ఉన్నాను. ఇంజన్లు, టైర్లు, జనరేటరు, ఆపరేషన్ గది ఫ్యాను, అన్నీ నేనే.

అంతోనమ్మ


తల్లాడ,
ఫిబ్రవరి 7.

అంతోనమ్మా,

పట్టేసుకున్నావు. రామ్‌చందర్ జాకీ ఎత్తి పెట్టి వెళ్ళిపోయాడు, మిగతాదంతా నేనే. నాలుగు రోజులు వంట అయ్యీ అవగానే కొట్టంలోకి పోయేదాన్ని. ఎన్నేళ్ళకో చేతులకు ఆ వాసన. వేలు మానిపోయింది.

ఇంకోటి కూడా నీకు రాయలేదు. గేటు దాటనీయకు అని నువ్వు రాసే సరికే దాటింది.

జనవరి ఇరవయ్యో తారీఖున అత్తయ్యకు కళ్ళజోడు సరిచేయించాలి. మా ఆయన పొలంలో ఉన్నారు. వాకిట్లో ముందుకూ వెనక్కూ నడిపితే కారు బాగానే ఆగుతోంది. మూడుసార్లు తొక్కితే సరిపోతుందిలే అనుకున్నాను. అత్తయ్యను వెనక సీట్లో కూర్చోబెట్టి బయలుదేరాను. మొదటి మలుపు దగ్గర ఆగింది. పాలకేంద్రం దగ్గర ఆగింది. అక్కడి నుంచి కాలువ వైపు కొంచెం పల్లం. ముందు గేదెల బండి పోతోంది. తొక్కాను. పెడల్ నేలకు తాకింది. ఇంకోసారి తొక్కాను, మళ్ళీ నేలకే. ఏం చేశానో నాకే సరిగ్గా గుర్తు లేదు. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, స్టీరింగు పక్కకు తిప్పాను. కారు మెల్లగా పోయి రోడ్డు పక్క ఇంటివాళ్ళ గడ్డివాములో దూరింది.

వెనక్కి తిరిగి చూశాను. అత్తయ్య ఒళ్ళో, తల మీద, కళ్ళజోడు మీద అంతా గడ్డి. దెబ్బ మాత్రం తగల్లేదు. జనం పోగయ్యారు. అత్తయ్యే అద్దం దించి, "ఎండగా ఉంది, నీడన ఆపమన్నాను. ఏం, ఆపకూడదా?" అన్నారు వాళ్ళతో. గడ్డివాముకు నీడ ఏ పక్కన ఉందని ఎవరూ అడగలేదు. ట్రాక్టర్‌తో ఇంటికి లాగించాం.

ఆ మధ్యాహ్నం నుంచీ ఆమె మా ఆయనతో ఒక్క మాట చెప్పలేదు. నాతోనూ అనలేదు. ఇంక ఈ పని మానేద్దామని డ్రమ్ములు మళ్ళీ బిగించడానికి బయటికి తీశాను. అది చూసి అత్తయ్య కొట్టం గుమ్మంలో నిలబడి, "అయితే నన్ను బూర్గంపాడు తీసుకెళ్ళవన్నమాట" అని లోపలికి వెళ్ళిపోయారు.

పెడల్ తొక్కడానికి నాకు ఎవరూ లేరు. రామ్‌చందర్ మిర్చి కల్లంలో ఉంటున్నాడు. ఒక చెక్కను సీటుకూ పెడల్‌కూ మధ్య అడ్డంపెట్టి గాలి తీయడానికి చూశాను. చెక్క జారిపోయింది. ఏం చేయమంటావు?

లత


ఎర్రగుంపు,
ఫిబ్రవరి 15.

నాగలతా,

కారు తాళం తీసి బియ్యం డబ్బాలో వేయి. నేను నడపమని రాసేదాకా దాన్ని ముట్టుకోకు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషిని కూర్చోబెట్టుకుని మూడుసార్లు తొక్కే బ్రేకుతో రోడ్డెక్కుతావా? గడ్డివాము ఉంది కాబట్టి ఈ ఉత్తరం రాశావు. గడ్డివాము లేకపోతే ఎవరు రాసేవాళ్ళు?

చదివింది మరిచిపోయావనుకోను. తెలిసి చేశావు. నాకు కోపంగా ఉంది.

అంతోనమ్మ


ఎర్రగుంపు,
ఫిబ్రవరి 17.

లతా,

మొన్నటి ఉత్తరం పోస్టుమ్యాన్ చేతికిచ్చిన తర్వాత వెనక్కి తీసుకుందామని గేటు దాకా పరుగెత్తాను. అప్పటికే సైకిల్ మలుపు తిరిగిపోయింది. అందుకని ఈ రెండోది రాస్తున్నాను. రెండూ ఒకే రోజు చేరితే ముందు దీన్ని చదువు.

కోపం నీ మీద కాదే. ఎవరికీ చెప్పని విషయం ఒకటుంది. రెండేళ్ళ కిందట మా దవాఖానా జీపుకు బ్రేకులు చూసి, బాగుందని పుస్తకంలో సంతకం పెట్టాను. వెనక ఒక ఇనుప పైపు తుప్పు పట్టి ఉంది. కనపడింది. వచ్చే వారం మారుద్దామని వదిలేశాను. మూడో రోజున గుట్ట దిగుతుంటే ఆ పైపు పగిలింది. డ్రైవర్ ధన్‌సింగ్ ఒక్కడే ఉన్నాడు జీపులో. వెదురు పొదల్లోకి తిప్పి ప్రాణం దక్కించుకున్నాడు, కాలు విరిగింది. మా సిస్టర్లు నన్ను ఒక్క మాట అనలేదు. ధన్‌సింగ్ కూడా అనలేదు. కట్టు మీద నా చేత సంతకం పెట్టించుకుని, "ఈ సంతకం మంచిగనే పనిచేస్తదిలే" అని నవ్వాడు. ఆ నవ్వుతోనే నాకు చేతులు పడిపోయాయి.

అప్పటి నుంచీ నేను బ్రేకులు ముట్టుకోవడం లేదు. ఏదో సాకు చెప్పి జీపును బ్రేకు పనికి భద్రాచలం గ్యారేజీకి పంపిస్తున్నాను. ఇంజన్లు, టైర్లు అని రాశానుగా, బ్రేకులు అని రాయలేదు. నువ్వు గమనించలేదు, నేనూ చెప్పలేదు.

కాబట్టి నీకు బ్రేకుల గురించి చెప్పే అర్హత నాకుందో లేదో నువ్వే చూసుకో. ఇంకెవరినైనా అడుగుతానంటే ఏమీ అనుకోను. నన్నే అడుగుతానంటే మాత్రం పూర్తిగా చెబుతాను, ఏదీ వచ్చే వారానికి వదలను.

అడిగేటట్టయితే రెండు పనులు చేయి. ఒకటి, చెక్కతో కాదు, మనిషితో గాలి తీయించు. రెండు, ముందు చక్రాలు రెండూ ఊడదీసి, లోపల నీకు కనిపించేది కనిపించినట్టు బొమ్మ గీసి పంపు. పైపు ఎక్కడ, బోల్టు ఎక్కడ, నిప్పిల్ ఎక్కడ, అన్నీ గీయి. అందంగా ఉండక్కర్లేదు.

అంతోనమ్మ


తల్లాడ,
మార్చి 1.

అంతోనమ్మా,

రెండు ఉత్తరాలూ ఒకే రోజు చేరాయి. నేను మొదటిదే ముందు చదివాను, బాగా ఏడ్చాను. రెండోది చదివి ఇంకా ఏడ్చాను. తర్వాత తాళం తీసుకెళ్ళి నువ్వు చెప్పినట్టే బియ్యం డబ్బాలో వేశాను. నిన్నే అడుగుతాను. పుస్తకంలో సంతకం పెట్టి మరిచిపోయే మనిషిని అడగడం కంటే రెండేళ్ళుగా ఆ పైపును మరిచిపోని మనిషిని అడగడం నాకు ధైర్యం.

ఇప్పుడు మనిషి సంగతి విను. నా ఏడుపు విని అత్తయ్య వంటింట్లోకి వచ్చారు. ఉత్తరాలు దాచలేకపోయాను. కళ్ళజోడు పెట్టుకుని రెండూ చదివారు. చదివి మడిచి నాకిచ్చి, "ఆ తొక్కేదేదో నేను తొక్కుతాను. మోకాళ్ళు వంగవు గానీ చాపడానికేం?" అన్నారు.

వద్దన్నాను. వినలేదు. కారు కొట్టంలో స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టి, డ్రైవర్ సీటును వెనక్కి జరిపి, నడుము వెనక దిండు పెట్టి కూర్చోబెట్టాను. యాభై ఏళ్ళుగా ఆ కారు ఎక్కుతున్నారట, స్టీరింగు వెనక కూర్చోవడం ఇదే మొదటిసారట. స్టీరింగును కాసేపు చేతులతో తడిమి చూశారు. మీ మామగారు ఎప్పుడూ ఎడమ చేయి ఇక్కడ పెట్టేవారు అని చూపించారు.

మొదటి గంట గందరగోళమే. "నొక్కనా?" అంటారు. నేను కారు కింద నుంచి "నొక్కండి" అంటాను. నొక్కగానే "నొక్కాను, తీసేయనా?" అని తీసేస్తారు. "నొక్కి పట్టుకోండి అత్తయ్యా, నేను చెప్పేదాకా తీయకండి" అని పదిసార్లు చెప్పి ఉంటాను. ఒకసారి తొందరపడి తీసేశారు, సీసాలో ఆయిల్ వెనక్కి పీల్చుకుంది. నాకు కోపం వచ్చి ఏదో గొణిగాను. "గట్టిగానే అనమ్మా, ఇక్కడ నువ్వే పెద్దదానివి" అన్నారు. ఇరవై రెండేళ్ళలో ఆ మాట వినడం ఇదే మొదటిసారి. ఆ తర్వాత ఒక్కసారి కూడా ముందుగా కాలు తీయలేదు. పాలవాడు వచ్చి పిలిస్తే "ఆగు, పట్టుకుని ఉన్నాను" అని కేకేశారు. ఏం పట్టుకున్నారో అర్థం కాక అతను పాలు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు.

మా ఆయన వచ్చి ఇద్దరినీ చూసి ఏమిటిదంతా అన్నారు. కారు కడిగిస్తున్నానని అత్తయ్య చెప్పారు. ఆయన మిర్చి ధర గురించి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూ లోపలికి వెళ్ళిపోయారు.

వెనక చక్రాల నుంచి బుడగలు బాగా వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. ముందు చక్రాల నుంచి అసలు బుడగే రాలేదు, ఆయిల్ మాత్రం శుభ్రంగా వస్తోంది. అయినా పెడల్ సగం మెత్తగానే ఉంది. మూడు రోజులు అదే పని. షూలు కూడా సరిచేశాను.

బొమ్మలు రెండూ ఇందులో పెట్టాను. ఒకటి కుడి చక్రం, ఒకటి ఎడమది. అత్తయ్య దగ్గరుండి గీయించారు. పైపు ఇంత లావు లేదని రెండుసార్లు చెరిపించారు.

లత


ఎర్రగుంపు,
మార్చి 10.

లతా,

మీ అత్తగారికి నా తరఫున దండం పెట్టు. పైపు లావు సరిగ్గా ఉంది. నిప్పిల్ కూడా ఉన్నచోటే గీయించారు. దొరికింది.

నీ రెండు బొమ్మల్లోనూ నిప్పిల్, డిస్కును బిగించి పట్టే కాలిపర్‌కు కింది వైపున ఉంది. అది పైన ఉండాలి. అంటే కుడిపక్క కాలిపర్ ఎడమకు, ఎడమది కుడికి బిగించావు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఎటైనా కూర్చుంటాయి, బోల్టులు కూడా చక్కగా పడతాయి. అందుకే తప్పు చేసినట్టు అనిపించదు. కానీ గాలి ఎప్పుడూ పైకే పోతుంది. నువ్వు కింద తలుపు తీసి రమ్మంటున్నావు, అది పైన అటక మీద కూర్చుంది. కింది నుంచి ఆయిల్ శుభ్రంగానే వస్తుంది మరి.

రెండు కాలిపర్లూ విప్పి పక్కలు మార్చు. నిప్పిల్ ఆకాశం వైపు చూడాలి. మళ్ళీ నాలుగు చక్రాలకూ గాలి తీయండి. పెడల్ గట్టిపడితే, కారు కదపకుండా పావుగంట పెడల్‌ను బలంగా అదిమి ఉంచు. మెల్లగా కిందికి దిగకూడదు. ఏ పైపు దగ్గరా చెమ్మ ఉండకూడదు. ప్రతి జాయింటూ వేలితో తడిమి చూడు. అన్నీ అయిన తర్వాత ఎవరూ లేని దారిలో, నువ్వొక్కదానివే, నడకంత వేగంతో నడిపి చూడు. అత్తగారిని ఎక్కించుకోకు.

ఇక్కడ ఇప్పపూలు రాలడం మొదలైంది. పొద్దున ఆవరణంతా తీపి వాసన. నీ బొమ్మలు నా టేబుల్ మీద పెట్టుకున్నాను. ధన్‌సింగ్ వచ్చి చూసి "ఇదేంది, మందుల చీటీనా?" అని అడిగాడు. బ్రేకు అని చెప్పాను. రెండు కాగితాలూ వెలుతురులోకి తిప్పి చూశాడు.

అంతోనమ్మ


తల్లాడ,
మార్చి 20.

అంతోనమ్మా,

రాయి తొక్కినట్టుంది పెడల్. పక్కలు మార్చి నిప్పిల్ తిప్పగానే బుస్సుమని గాలి, తర్వాత నురగ, తర్వాత ఆయిల్. కారు లోపలి నుంచి అత్తయ్య, "లతా, ఇది మారిపోయింది, నా కాలికి ఎదురు తిరుగుతోంది" అన్నారు. పావుగంట నేను అదిమాను, ఇంకో పావుగంట ఆమె అదిమారు. దిగలేదు. ఆ పూట పాయసం చేసుకున్నాం. ఎందుకని మా ఆయన అడిగితే అత్తయ్య నావైపు చూశారు, నేను ఆమె వైపు చూశాను, ఆయన తినేశారు.

కానీ ఇంకో చిక్కు. కాలువ గట్టు దారిలో ఒక్కదాన్నే రెండు కిలోమీటర్లు నడిపాను. బ్రేకు పట్టింది, పక్కకు లాగలేదు. కానీ తిరిగి వస్తుంటే కారు బరువుగా కదులుతోంది. దిగి చూస్తే ముందు చక్రాలు రెండూ కాలిపోతున్నాయి. దగ్గరికి చేయి పోనీయడం లేదు, మాడిన వాసన. వెనకవి చల్లగా ఉన్నాయి. నేను దాచకుండా వెంటనే రాస్తున్నాను చూడు. కారు మళ్ళీ స్టాండ్ల మీదే ఉంది. తాళం డబ్బాలో ఉంది.

ఏప్రిల్ పద్నాలుగు సీతారావమ్మగారి పుట్టినరోజు. ఉగాది దానికి ముందే. సత్తుపల్లి ఆయన ఫోన్ చేశాడట.

లత


ఎర్రగుంపు,
మార్చి 27.

లతా,

ఈ ఉత్తరాన్ని పోస్టులో వేయడం లేదు. ధన్‌సింగ్ మందుల కోసం ఖమ్మం వెళ్తున్నాడు, దారి మార్చి తల్లాడలో మీ ఇంట్లో ఇస్తానన్నాడు. ఇప్పుడు కుంటకుండా నడుస్తాడు. అన్నం పెట్టి పంపు.

ముందు చక్రం జాకీ మీద లేపి చేత్తో తిప్పు. పెడల్ తొక్కి వదిలిన తర్వాత మళ్ళీ తిప్పు. బిగుసుకుని ఉంటే నిప్పిల్ ఒక్క చుట్టు వదులు చేయి. చుక్క చిమ్మి చక్రం వదులైతే తప్పు చక్రంలో లేదు, పెడల్ దగ్గర ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్‌లో ఉంది. అలాగే అవుతుందని నా నమ్మకం.

నువ్వు డిస్కులు మార్చావు గానీ మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచావు. అది డ్రమ్ముల కోసం చేసింది. దాని మూతి దగ్గర లోపల చిన్న వాల్వు ఉంటుంది. నువ్వు కాలు తీసినా కొంచెం ఒత్తిడిని పైపులోనే పట్టి ఉంచుతుంది. డ్రమ్ముకు అది మంచిదే, డిస్కుకు పనికిరాదు. డిస్కును పట్టుకునే ప్యాడ్లు పూర్తిగా వదలవు, రాసుకుంటూనే ఉంటాయి, కాలిపోతాయి. వాల్వును పీకేసి సరిపెట్టుకోకు, వెనక డ్రమ్ములకు అది కావాలి. డిస్కులు తెచ్చిన కొట్టుకే వెళ్ళి, అదే మోడల్ కారు మాస్టర్ సిలిండర్ అడుగు. అందులో ముందుకూ వెనక్కూ వేరువేరుగా అమర్చి ఉంటుంది. రబ్బర్లు కొత్తవి వేయించు. మళ్ళీ గాలి తీయండి. మీ అత్తగారికి ఇప్పుడు నాకంటే బాగా వచ్చి ఉంటుంది.

అయిన తర్వాత పది కిలోమీటర్లు ఒక్కదానివే నడిపి, దిగి నాలుగు చక్రాల దగ్గరా చేయి పెట్టి చూడు. వెచ్చగా ఉంటే సరే.

పద్నాలుగున నేను బూర్గంపాడు వస్తాను. గోదావరి దాటితే మీరు, ఇంకెంత దూరం. తిరుగు ప్రయాణానికి ముందు కారు కింద నేను దూరి చూడాలి. రాతలో చెప్పాను, ఇప్పుడు చేత్తో చూడాలి.

అంతోనమ్మ


తల్లాడ,
ఏప్రిల్ 6.

అంతోనమ్మా,

నువ్వు చెప్పినట్టే అయింది. చుక్క చిమ్మింది, చక్రం వదిలింది. మాస్టర్ సిలిండర్ దొరికింది, మార్చాను. ఏన్కూరు దాకా వెళ్ళి వచ్చాను. చక్రాలు టీ గ్లాసంత వెచ్చగా ఉన్నాయి.

ధన్‌సింగ్ మా ఇంట్లో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. వెళ్తూ నాతో ఒక మాట చెప్పాడు. "అంతోనమ్మక్కకు నేను చెప్తె ఇనదమ్మా. బ్రేకు పని మల్ల ఆమెనే జెయ్యాలె. భద్రాచలంల చేసిన బండి నడపాలంటె నాకు భయమైతది." నీకు చెప్పొద్దన్నాడు. చెబుతున్నాను.

పద్నాలుగున పదకొండింటికల్లా వస్తాం.

లత


ఎర్రగుంపు,
ఏప్రిల్ 17.

లతా,

సీతారావమ్మగారి వాకిట్లో చాప వేసుకుని నీ కారు కింద దూరి అరగంట బయటికి రాలేదు. ఏమిటింతసేపు అని నువ్వు వంగి అడిగితే ఆయిల్ కంట్లో పడిందన్నాను. పడలేదు. నీ పని బాగుందని అయిదు నిమిషాల్లోనే తెలిసిపోయింది. ప్రతి జాయింటూ తుడిచి ఉంది, ప్రతి పైపూ దేనికీ రాసుకోకుండా కట్టి ఉంది. మిగతా సేపంతా వెల్లకిలా పడుకుని వాటిని చూస్తూ ఉండిపోయాను. మొదటి చక్రం దగ్గర ప్రతి జాయింటూ రెండుసార్లు తడిమాను. రెండో చక్రం దగ్గరికొచ్చేసరికి ఒక్కసారే సరిపోయింది.

మీ అత్తగారు, ఆమె చెల్లెలు కారులోనే కూర్చుని కబుర్లు చెప్పుకోవడం పైన వినిపిస్తూనే ఉంది. ఇంట్లోకి రమ్మంటే రాలేదు. మీ అత్తగారు చెల్లెలిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, ఎలా నొక్కాలో ఎలా పట్టుకోవాలో నేర్పిస్తున్నారు. నా తల దగ్గరే పైపులు కదులుతున్నాయి, కాలు తీయమని చెప్పబుద్ధి కాలేదు.

నిన్న జీపు బ్రేకులు విప్పాను. సిస్టర్‌కు చెప్పి భద్రాచలం పంపడం మానిపించాను. ధన్‌సింగ్ తొక్కడానికి కూర్చున్నాడు. ఏ కాలితో తొక్కాలని అడిగితే, ఏదైనా ఫరవాలేదన్నాను. విరిగిన కాలితోనే తొక్కాడు. ఇనుప పైపులు నాలుగూ కొత్తవి వేశాను, బాగున్నవి కూడా మార్చేశాను. పుస్తకంలో సంతకం పెట్టాను.

చెప్పొద్దన్న మాట నువ్వు నాకు రాశావని అతనికి చెప్పలేదు.

అంతోనమ్మ


తల్లాడ,
ఏప్రిల్ 19.

చిరంజీవి అంతోనమ్మకు నిర్మలాదేవి ఆశీస్సులు.

అమ్మాయీ, లతకు తెలియకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను. అది సిగ్గుపడి నీకు రాయదు కాబట్టి జరిగింది నేనే చెప్పాలి.

బూర్గంపాడు నుంచి తిరిగి వస్తుంటే ఏన్కూరు దగ్గరికి రాకముందే, అడవిలో మలుపు తిరగ్గానే రోడ్డు మీద మేకలు. రాలిన ఇప్పపూలు తింటూ దారంతా నిండి ఉన్నాయి, తలెత్తి చూడటం లేదు. లత తొక్కింది. కారు వంకర పోకుండా, ఊగకుండా నిలబడిపోయింది. ముందున్న మేకకూ మాకూ మధ్య ఒక మనిషి నిలబడేంత చోటు మిగిలింది. మేకలు కాసే పూలి అనే ఆవిడ తాపీగా వచ్చి, "మంచిగ ఆపినవమ్మా" అని లతతో అంది. నేను కిటికీ లోంచి, ఆపింది మేమిద్దరం అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు, నవ్వి మేకలను తోలుకుపోయింది.

ఇంటికి వచ్చేసరికి మా అబ్బాయి వెంకటకృష్ణ గేటు దగ్గరే ఉన్నాడు. సత్తుపల్లి ఆయన వచ్చి కూర్చుని ఉన్నాడు. రామ్‌చందర్ ఏడీ, కారు ఎవరు నడిపారు అని అడిగాడు. లత దిగింది. వాడు ఎక్కి వీధి చివరిదాకా వెళ్ళాడు. అక్కడ ఆపడం, మళ్ళీ కదలడం, మళ్ళీ ఆపడం నాకు కనిపిస్తూనే ఉంది. అయిదారుసార్లు ఆపి ఉంటాడు. తిరిగి వచ్చి, బ్రేకులు ఎవరు చేశారమ్మా అన్నాడు.

తిప్పింది నీ భార్య, తొక్కింది నేను, చెప్పింది అడవిలో ఉన్న అంతోనమ్మ అని చెప్పాను. నమ్మలేదు. లత లోపలికి వెళ్ళి బీరువాలోంచి ఐటీఐ సర్టిఫికెట్ తెచ్చి ఇచ్చింది. పెళ్ళైనప్పటి నుంచీ అది ఇంట్లో ఉందని వాడికి తెలియదు. నాకూ తెలియదు. చాలాసేపు నిలబడి చదివాడు. తర్వాత సత్తుపల్లి ఆయనకు కాఫీ ఇప్పించి, బండి అమ్మడం లేదని చెప్పి పంపించేశాడు.

మొన్న పొద్దున్నే లత దగ్గరికి వచ్చి, తన కొత్త కారు బ్రేకు వేసినప్పుడల్లా కీచుమంటోంది, చూస్తావా అని అడిగాడు. చక్రం విప్పి చూడనిదే చెప్పలేనంది లత. అది కొత్తరకం బండి, నీ సలహా కూడా కావాలంది. వాడు నా దగ్గరికి వచ్చి నీకు ఫోన్ చేయమన్నాడు. అక్కడ ఫోన్ రాదురా, ఉత్తరమే రాయాలి, అది కూడా నీ చేత్తో నువ్వే రాయాలి, ఏమీ దాచకుండా రాయాలి, చక్రాల బొమ్మలు కూడా గీయాలి అని చెప్పాను.

వాడు రాస్తున్నాడు. రెండు రోజులుగా కొట్టంలో కూర్చుని కాగితాలు చింపుతున్నాడు. పైపు లావు సరిగ్గా రావడం లేదట. ఉత్తరం వచ్చాక వెంటనే జవాబు ఇవ్వకు తల్లీ. ఒక్క పది రోజులు ఆగు. మేమంతా ఆగాం కదా.

నిర్మలాదేవి